పులికాట్‌కు ఏ లెన్స్?

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 1500డి కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. లెన్స్ ఉన్నాయండీ. డిసెంబరులో పక్షుల ఫొటోల కోసం నేలపట్టు, పులికాట్ సరస్సు వెళ్తున్నాం. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 55-250 లెన్స్ కొననా, అప్పు చేసైనా ఇంకా దగ్గరగా చూపే 150-600 తీసుకోనా?
- ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అప్పు మాట వదిలేయండమ్మా. 55-250 కొనండి. మీ కెమెరా సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్) చిన్నది కాబట్టి 250 మి.మీ. కాస్తా 400 లాగా, అంటే ఇంకా దగ్గరగా చూపిస్తుంది. నేలపట్టు చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గుంపులకు అది సరిపోతుంది. పులికాట్ ఫ్లెమింగోలే చిక్కు, దూరంగా మేస్తాయి. వాటికోసం 150-600 అద్దెకు తెచ్చుకోండి. బరువు సుమారు 2 కిలోలు. మొదటిసారి చేత్తో పట్టుకుని తీసిన నా ఫొటోలన్నీ కదిలిపోయాయి! ఇప్పుడు మా ఆవిడ కుట్టిచ్చిన గుడ్డసంచిలో ఇసుక నింపి, కారు కిటికీ మీద వేసి, లెన్స్ దానిపై ఆనిస్తున్నాను. ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ 1/1600 సెకను పెట్టండి. ఎండెక్కితే నీటి మీద గాలి అలలాడుతుంది, ఎంత ఖరీదైన లెన్సయినా మసకే. అందుకే పొద్దున్నే ఫొటోలు తీసేలా ముందురోజు రాత్రికే దగ్గరలోని సూళ్లూరుపేట చేరుకోండి.