ఒంగోలు నటి జి. వరలక్ష్మి సినిమాల పట్టిక ఎలా కట్టాలి?

ఆవిడ సినిమాల పట్టిక తయారుచేస్తున్నాననీ, నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉందనీ, ఏది నమ్మాలనీ అడిగారు. ముందు ఇంటిపేరు తేల్చుకోండి. తప్పులన్నీ అక్కడే పుడుతున్నాయి.

జి. అంటే గరికపాటి, మన ఒంగోలు ఆడపడుచు. ఎస్. వరలక్ష్మి జగ్గంపేట ఆవిడ, గాయని కూడా. 'బాలరాజు' (1948) ఆవిడదే. ఇద్దరిదీ ఒకే కాలం, పైగా ఇద్దరూ చంద్రమతి వేషం కట్టారు. తెలుగు 'సత్య హరిశ్చంద్ర' (1965)లో రామారావు పక్కన ఎస్., తమిళ 'హరిచంద్ర' (1968)లో శివాజీ పక్కన జి. ఉత్త 'వరలక్ష్మి' అని ఉన్న చోట టైటిల్ కార్డు చూడందే పట్టికలో ఎక్కించొద్దు. యూట్యూబ్ కాపీల్లో టైటిళ్లు కోసేసి ఉంటే ఆ సినిమాకి అప్పట్లో అచ్చేసిన పాటల పుస్తకం వెతకండి, నటీనటుల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉంటాయి.

పాత పుస్తకాల్లో 'గుంటూరు జిల్లా ఒంగోలు' అని ఉంటే దిద్దకండి. మన ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో, ఆవిడ పుట్టింది 1926లో.

నాటకాల నుంచి వచ్చి 'బారిష్టరు పార్వతీశం' (1940)తో తెరకెక్కారు. పట్టిక అక్కడి నుంచి మొదలవుతుంది గానీ, చూడ్డం మాత్రం 'పెళ్ళిచేసి చూడు' (1952)తో మొదలుపెట్టండి. కట్నం బాకీ ఉందని మామగారు కోడల్ని కాదంటే, పిచ్చి నటిస్తున్న మొగుడికి నర్సుగా అదే ఇంట్లోకి వస్తుంది అమ్మడు (ఆవిడ పాత్ర పేరు). రామారావు పిచ్చి చేష్టలు చేస్తుంటే నవ్వు రానివ్వకుండా ఆవిడ నర్సు పని చేసుకుపోయే తీరు చూడండి. తమిళంలోనూ అమ్మడు ఆవిడే, 'కల్యాణం పణ్ణిప్పార్'. రెండు భాషలకీ రెండు వరుసలు రాయండి, ఒకే వరుసలో ఇరికిస్తే లెక్క తప్పుతుంది.

ఆ మరుసటి ఏడే 'కన్నతల్లి'. సుశీల తొలిసారి పాడిన సినిమాగానే అందరూ దాన్ని తలుచుకుంటారు. పాతికేళ్లు దాటీదాటని మనిషి, తనకంటే పెద్దవాడైన నాగేశ్వరరావుకి తల్లిగా నటించారందులో. హీరోయిన్‌గా మంచి ఊపుమీద ఉండగా అలాంటి వేషం ఒప్పుకోవడం ఎంత తెగువో! నా లెక్కలో ఆవిడ పెద్ద పాత్ర అదే.

'మూగ జీవులు' (1968) మాత్రం దర్శకత్వం కింద విడిగా రాయండి. నటన పట్టికలో కలిపేస్తే ఆవిడ డైరెక్షన్ కూడా చేశారన్న సంగతే కనపడకుండా పోతుంది.