నాన్నను కాశీకి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కు పాకిందని, ఇక కీమో వద్దని డాక్టర్లు అన్నారు. ఆయనకు జబ్బు పేరు చెప్పలేదు. తిండి బాగా తగ్గిపోయింది. కాశీలో పోవాలని ఆయన కోరిక. చావు విషయంలో మన పెద్దల పద్ధతే సరైందనిపిస్తోంది. చివరి రోజులు గడపడానికి వచ్చేవాళ్లు ఉండే అక్కడి ముక్తి భవన్‌కు తీసుకెళ్లవచ్చా? రాత్రిళ్లు నొప్పికి డైక్లోఫెనాక్ వేస్తున్నాం. - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ డైక్లోఫెనాక్ సంగతి చూద్దాం. ఎవరు రాసిచ్చారు? మెడికల్ షాపులో అడిగి తెచ్చిందైతే ఇవాళే ఆయన డాక్టర్‌కు చెప్పండి. ఈ వయసులో, తిండి లేకుండా రోజూ వేస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో రక్తస్రావం కావచ్చు. మలం నల్లగా వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇలాంటి నొప్పికి చాలామందికి మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు అవసరమవుతుంది. ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్లు భయపడి వారాల తరబడి వాయిదా వేస్తారు. అన్ని రాత్రులూ బాధపడేది పేషెంటే. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే ప్రాణం తొందరగా పోతుందన్న భయం సాధారణంగా అక్కర్లేదు. మలబద్ధకం వస్తుంది, దానికీ మందు రాస్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక మార్ఫిన్ నిబంధనలు కొంత సులువయ్యాయి. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) గురించి అడగండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది.

గుడిలో దర్శనమయ్యాక కాసేపు కూర్చుని మన పెద్దలు 'అనాయాసేన మరణం' కోరుకునేవారు. బాధపడకుండా పోవాలనేగా ఆ ప్రార్థన! నొప్పి తగ్గించడం కూడా అందులో భాగమేనని నా నమ్మకం.

1958 నుంచి నడుస్తున్న ముక్తి భవన్‌లో మామూలుగా రెండు వారాలే ఉండనిస్తారు. వైద్యం ఉండదు. ఆయన్ను చూడకుండా వెళ్లమని నేను చెప్పలేను. నొప్పి అదుపులోకి వచ్చి, చూస్తున్న డాక్టర్ సరేనంటే వెళ్లండి. మందుల చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ వెంట ఉంచుకోండి. స్పృహ తగ్గాక తులసి తీర్థం చెంచాతో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడి దూదితో పెదాలు తడిపితే చాలు. తిండి కూడా బలవంతంగా పెట్టొద్దు.

ఇక జబ్బు పేరు దాచడం. కాశీకి తీసుకెళ్లమని అడుగుతున్న మనిషికి ఏమీ తెలియదనుకుంటున్నారా? పక్కన కూర్చుని 'నాన్నా, మీకేమనిపిస్తోంది?' అని అడగండి. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటే అంతవరకే చెప్పండి. ఈ వారమే అడగండి, ఆయనకు మాట్లాడే ఓపిక ఉన్నప్పుడే.