ఓడ వంటగదిలో కార్న్‌డ్ బీఫ్ టిన్ను: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మీ మావయ్య దీవించి రాస్తున్నది.

నువ్వు ట్రైనీ కుక్‌గా ఓడ ఎక్కబోతున్నావని మీ అమ్మ గుణుపూర్ నుంచి ఫోన్ చేసింది. ఆమెకి సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. "అన్నయ్యా, అక్కడ గొడ్డుమాంసం టిన్నులు కూడా వాడే వండాలంట. మనింట్లో ఏనాడూ పొయ్యి మీద పెట్టనిది వాడికెలా చేతనవుతుంది?" అని అడిగింది. ఫోనులో సగమే చెప్పగలిగాను. పదహారేళ్లు ఓడల వంటగదిలో నిలబడినవాణ్ణి కాబట్టి మిగతాది నీకే రాస్తున్నాను.

మొదటి ఓడలో నాదీ మీ అమ్మ భయమే. టిన్ను తెరిచి, మొహం పక్కకి తిప్పుకుని, ఉల్లిపాయలతో వేయించి పెట్టేసేవాణ్ణి. ఒకరోజు రుచి చూడకుండానే అలవాటు కొద్దీ రెండు చెంచాల ఉప్పు వేశాను. ఆ మాంసం ముందే ఉప్పులో ఊరినదని పట్టించుకోలేదు. ఇంజన్ రూము వేడిలో వాచ్, అంటే వంతు డ్యూటీ, చేసి వచ్చినవాళ్లు ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు తాగుతూ నాలుగు ముద్దలు తిని, మిగతాది వదిలేసి లేచారు. వాళ్లలో ఇంజన్‌కి నూనె పట్టే పెద్ద వయసు ఫిలిప్పీన్ ఆయిలర్ ఒకాయన నా దగ్గరకొచ్చి, "ఆదివారం పొద్దున మా అమ్మ ఇదే వండేది" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆయన తిట్టినా అంత బాధ ఉండేది కాదు. మనకి తరవాణి అన్నం ఎలాగో ఆయనకి ఆ టిన్ను అలాగ. ఇల్లు వదిలి తొమ్మిది నెలలైన మనిషి పళ్లెంలో వాళ్లమ్మ వంటని నేను పాడుచేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నేను రుచి చూడడం మొదలుపెట్టాను. నువ్వూ చూడాలని అనను. అది నీ మనసుకీ నీ ఇంటికీ సంబంధించిన విషయం. చూడకూడదనుకుంటే మొదటిరోజే చీఫ్ కుక్‌కి చెప్పు, సిగ్గుపడకు. ఓడలో తిండి ఉచితంగా పెట్టాలనీ, నావికుల మతాన్నీ ఆచారాన్నీ చూసి పెట్టాలనీ 2006 నాటి సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. నువ్వూ నావికుడివే, నీ కంచానికీ అది వర్తిస్తుంది. కానీ నువ్వు చూడని రోజు తినేవాళ్లలో ఒకరిని పిలిచి తప్పకుండా రుచి చూపించు. ఎవరి నాలుకా తగలని కూర బల్ల మీదకి వెళ్లకూడదు.

ఇక ఆ పదార్థం సంగతి. దాని పేరు కార్న్‌డ్ బీఫ్. కార్న్ అనగానే మొక్కజొన్న అనుకుంటావు. పాత ఇంగ్లీషులో కార్న్ అంటే ఏ గింజైనా సరే. గింజలంత కల్లుప్పుతో మాంసాన్ని ఊరబెట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మన గోపాలపూర్ రేవులో చేపలకి ఉప్పు పట్టిస్తారే, ఆలోచన అదే. అమెరికా వాళ్లు కార్న్‌డ్ బీఫ్ అంటే చాలావరకు ఉప్పునీళ్లలో ఊరబెట్టి ఉడికించిన పెద్ద ముక్క. టిన్నులో వచ్చేది వేరు, అది ఉడికించి, సన్నగా తరిగి, అదిమి నింపినది. ముసలి నావికులు దాన్ని బుల్లీ బీఫ్ అంటారు. ఫ్రెంచిలో బుయీ అంటే ఉడికించినది, ఆ మాటే అలా మారింది. ఎర్రగా ఉంది కదా, పచ్చిదేమో అని కంగారుపడకు. సోడియం నైట్రైట్ కలపడం వల్ల ఉడికినా ఆ రంగు పోదు.

రేవులో సరుకు ఇచ్చే షిప్ చాండ్లర్ పెట్టెలు దించినప్పుడు నువ్వు దగ్గర ఉండు. కాగితం మీద సంతకం పెట్టేది చీఫ్ కుక్కే అయినా చేత్తో తిప్పి చూసేది నువ్వే కావాలి. లేబుల్ మీద మొదటి మాట ఉడికించిన బీఫ్ అని ఉండాలి, తర్వాత ఉప్పు, చక్కెర, నైట్రైట్. పిండీ సోయా కలిపినవి చౌకగా వస్తాయి, కానీ పెనం మీద వేస్తే ఉప్మాలా ముద్దవుతాయి. అదే అరలో లంచన్ మీట్ టిన్నులు ఉంటాయి, చూడ్డానికి చుట్టాల్లా ఉంటాయి. వాటిలో చాలావాటిలో ఉండేది పంది మాంసం. ఓడలో ముస్లిం సోదరులు ఉంటే ఈ పొరపాటుకి క్షమాపణ చాలదు, కాబట్టి హలాల్ ముద్ర చూసి, వాటిని వేరే అరలో పెట్టు. ఆరు పౌండ్ల పెద్ద టిన్ను లెక్క ప్రకారం లాభమే గానీ, తెరిచాక మిగిలిపోతుంది. ఇరవై మంది ఓడకి 340 గ్రాముల టిన్నులే నాకు నచ్చుతాయి.

టిన్ను ఉబ్బినా, కారినా, తుప్పు లోతుగా తిన్నా, అతుకు దగ్గర సొట్టపడినా తీసుకోకు. పక్క రేకుకి చిన్న సొట్ట పడితే ఫరవాలేదు. అతుకు మీద పడితే మాత్రం ఒద్దు. ఎందుకో వివరంగా చెప్పాలి. 1964లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ ఊళ్లో 400 మందికి పైగా టైఫాయిడ్ వచ్చింది. మూలం వెతికితే అర్జెంటీనా నుంచి వచ్చిన ఒక కార్న్‌డ్ బీఫ్ టిన్ను దగ్గర తేలింది. ఫ్యాక్టరీలో వేడి మీద ఉన్న టిన్నుల్ని చల్లార్చడానికి క్లోరిన్ కలపని నదినీళ్లు వాడారు. టిన్ను చల్లారేటప్పుడు లోపల గాలి సంకోచించి బయటిదాన్ని పీలుస్తుంది. కంటికి కనపడని చిల్లు ఉంటే ఆ నీటిబొట్టు లోపలికి పోతుంది. అక్కడితో ఆగలేదు. షాపులో ఆ మాంసాన్ని కోసిన మిషన్ బ్లేడు మీదే మిగతా మాంసాలూ కోశారు, క్రిమి వాటికీ అంటుకుంది. ఈ సంగతి నాకు చెప్పిన చీఫ్ కుక్ ప్రతి టిన్ను తర్వాత బ్లేడు విప్పి వేడినీళ్లలో కడిగించేవాడు. నువ్వూ అలాగే కడుగు. బోటులిజం అనే జబ్బు తెచ్చే విషం ఇంకా ప్రమాదం, అది ఉన్నా కొన్నిసార్లు వాసనా రాదు, రుచీ మారదు. అందుకే అనుమానం వచ్చిన టిన్నుని నాలుక మీద పెట్టి పరీక్షించకు. పారేసి, స్టోరు పుస్తకంలో రాసెయ్యి.

తెరవడంలో ఒక పద్ధతి ఉంది. ఈ టిన్ను ఒక చివర వెడల్పు, రెండో చివర సన్నం. 1875లో షికాగోలో ఈ ఆకారానికి పేటెంటు తీసుకున్నారు, మాంసం చెదరకుండా ఒకే ముద్దగా జారాలని. పలచగా ముక్కలు కొయ్యాలంటే ముందురోజు రాత్రే టిన్ను ఫ్రిజ్‌లో పెట్టు, కొవ్వు గట్టిపడి కత్తికి అంటదు. వేపుడుకైతే ఆ అవసరం లేదు. తెరిచే కీ (చిన్న తాళంచెవిలాంటిది) ఉన్న టిన్నుకి, ఆ కీతో రేకు పట్టీ నెమ్మదిగా, సమంగా చుట్టుకుంటూ రావాలి. సన్నటి చివర చిన్న చిల్లు పెడితే గాలి వెళ్లి, వెడల్పు వైపు నుంచి ముద్ద తనంతట తానే జారుతుంది. ఆ పట్టీ బ్లేడు కంటే పదును. ఓడ ఊగుతుండగా తొందరపడి లాగి నా ఎడమ బొటనవేలు ఎముక దాకా తెగింది. రేవు చేరడానికి ఆరు రోజులుంది. ఆ వేలు చలికాలంలో ఇప్పటికీ మొద్దుబారుతుంది.

రుచి చూసేవాళ్లు ఎవరైనా ముందు చల్లగా ఒక ముక్క, తర్వాత వేడిచేసి ఒక ముక్క చూడాలి. ఫోర్కుతో విడదీస్తే పీచు కనపడాలి. ముద్దగా పేస్టులా ఉంటే సరుకు మంచిది కాదు. ఉప్పు మొదట తగిలి, వెనకాల మాంసం తియ్యదనం రావాలి. పులుపు వచ్చిందంటే ఉమ్మేసి టిన్ను మొత్తం పక్కన పెట్టు.

ఫిలిప్పీన్ వాళ్లకి పొద్దున్న పూట పెట్టు. నూనెలో వెల్లుల్లి, ఉల్లి వేగాక సన్నటి బంగాళదుంప ముక్కలు వెయ్యి, అవి సగం ఉడికాక మాంసం పరిచి వదిలెయ్యి. గరిటె పెట్టి తిప్పుతూ ఉండకు, అంచులు కరకరలాడే దాకా ఆగు. పక్కన, ఫ్రిజ్‌లో దాచిన రాత్రి అన్నం వెల్లుల్లితో వేయించి, మీద గుడ్డు. ఉప్పు వెయ్యకు. మన గరం మసాలా, ధనియాల పొడి దానికి నప్పవు, ఎండుమిరపకాయ ఒకటి తుంచి వేస్తే చాలు. ఇంగ్లీషు ఆఫీసర్లు చల్లటి ముక్కలు బ్రెడ్డులో ఆవాల ముద్దతో అడుగుతారు. జమైకా వాళ్లయితే క్యాబేజీతో.

నాకు అన్నిటికంటే నచ్చింది టోంగా వంట. న్యూజిలాండ్ రేవులో ఒక టోంగా స్నేహితుడు ఇంటికి పిలిచి చూపించాడు. చేమాకుల్లో ఈ మాంసం, ఉల్లిపాయ, కొబ్బరిపాలు పోసి మూటకట్టి గంటల తరబడి మగ్గబెడతారు. లూ అంటారు. మన పెరట్లో మురుగు పక్కన పెరిగే సారు ఆకే అది! సముద్రానికి ఆ చివర ఇంకొకళ్లు ఆ ఆకుని పండగ వంటకి దాచుకుంటున్నారని చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆకు సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుందని వాళ్లకీ మనకీ ఒకే జాగ్రత్త.

తిననివాళ్ల గురించి మర్చిపోకు. ఆ పెనం, ఆ గరిటె, ఆ చాకు వేరు పెట్టు. గిన్నె మీద పేరు రాసి అతికించు. పక్కనే గుడ్డో, పప్పో, చేపో అంతే శ్రద్ధగా చేసి పెట్టు, వాళ్లకి మిగిలింది పెట్టినట్టు ఉండకూడదు. తెరిచిన టిన్నులో మాంసం అలాగే ఉంచకు, మూత ఉన్న డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో అవగొట్టు. తెరవని టిన్నుని పొయ్యి మీద ఎప్పుడూ పెట్టకు, పేలుతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎవరైనా ప్రేమగా ఒక టిన్ను చేతిలో పెట్టినా బ్యాగులో వేసుకోకు. బీఫ్ ఏ రూపంలో ఉన్నా మన దేశంలోకి దిగుమతి నిషేధం. ఇచ్చినవాళ్లకి ఆ సంగతి నెమ్మదిగా చెప్పి, ఓడలోనే ఎవరికైనా ఇచ్చెయ్యి.

బుధవారం గుణుపూర్ రైలుకి మీ అత్తయ్య వస్తోంది. ఒక జత మందపాటి గ్లవ్స్ ఇచ్చి పంపిస్తున్నాను. బొటనవేలు దగ్గర బిగుతుగా ఉన్నాయేమో వేసుకుని చూసి ఫోన్ చెయ్యి, పెద్ద సైజు తెప్పిస్తాను.

మీ మావయ్య