కానరేగు ఏ కుటుంబం? పుస్తకంలో ఒకటి, యాప్‌లో ఒకటి

కానరేగు హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్క నమూనా అతికించిన కాగితం) మీద ఏ కుటుంబం రాయాలని అడిగారు: పుస్తకం ఫ్లకోర్షియేసీ అంటోంది, యాప్ సాలికేసీ అంటోంది. మీ గుర్తింపు సరైనదే, పుస్తకమే పాతది. అందులోని ఫ్లకోర్షియేసీ కుటుంబాన్ని డీఎన్‌ఏ ఆధారాలతో విడగొట్టారు. 2003 నాటి ఏపీజీ-2 (పూల మొక్కలను డీఎన్‌ఏ ఆధారంగా వర్గీకరించే పద్ధతి) నుంచి కానరేగు విల్లో, పోప్లార్‌లతో పాటు సాలికేసీలో ఉంది.

1. షీటు మీద కుటుంబం పేరు మార్చండి.

2. జాతి పేరు కదపొద్దు: ఫ్లకోర్షియా ఇండికా (బర్మ్.ఎఫ్.) మెర్. ఆ బ్రాకెట్ వదిలేయకండి, అందులోది మొదట పేరు పెట్టినవారి పేరు; బయట ఉన్నది ఇప్పటి ప్రజాతిలోకి మార్చినవారిది. 1768లో బర్మన్ దీన్ని గ్మెలినా ఇండికా అన్నాడు, 1917లో మెర్రిల్ ఫ్లకోర్షియాలోకి తెచ్చాడు.

3. చాలామంది తప్పేది ఇక్కడే: ఫ్లకోర్షియేసీ అని ఉన్న షీట్లన్నిటికీ ఒక్కసారిగా సాలికేసీ అని రాసేస్తారు. అలా చేయొద్దు. కుష్ఠుకు వాడిన చాల్‌మోగ్రా నూనె చెట్టు హిడ్నోకార్పస్ అకేరియేసీకి వెళ్లింది. ఒక్కో ప్రజాతినీ విడిగా చూసుకుని, ఆ తర్వాతే మార్చండి.