కొలత ఓడిపోవడమేమిటి?

సందేహం: మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో ఉంటారు. వాళ్ల ఊళ్లో కొత్త పోలీస్ స్టేషన్‌కి డబ్బు పెట్టాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. ఆ కబురు మా వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: "కొత్త పోలీస్ స్టేషన్ నిధుల కోసం జరిగిన ఎన్నికలో 60 శాతం మంది అనుకూలంగా ఓటు వేసినా కొలత ఓడిపోయింది." ఒకాయన నవ్వే బొమ్మ పెట్టారు. ఇంకొకాయన 'కొలతేమిటి' అన్నారు. ఎక్కడ తప్పాను?

సమాధానం: నవ్విన ఆయన్ని తప్పుపట్టలేం. కొలత ఓడిపోయిందంటే టైలర్ దగ్గర ఏదో గొడవ జరిగిందనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఊరి ఓటర్ల ముందుకు వచ్చే ప్రతిపాదనని 'మెజర్' అంటారు, పక్కన ఒక అక్షరం తగిలిస్తారు. ఆ ఇంగ్లిష్ మాటకి కొలత అనే అర్థం ఉంది, తీసుకునే చర్య అనే అర్థమూ ఉంది. మీరు మొదటిదాన్ని పట్టుకున్నారు. 'ముందుజాగ్రత్త చర్యలు' అన్నప్పుడు ఇంగ్లిష్‌లో ఉండేదీ ఆ మాటే. దాన్ని ముందుజాగ్రత్త కొలతలు అనం కదా. ఓటుకు పెట్టింది ఏదైనా తెలుగులో 'ప్రతిపాదన' అంటే సరిపోతుంది.

'నిధుల కోసం' అన్నది చిన్న తప్పులా కనిపిస్తుంది గానీ నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఓటుకు నోటు అన్న మాట వినీ వినీ ఉన్నాం. ఓటు పక్కన డబ్బు, వాటి మధ్య 'కోసం' పడితే ఓటరు పుచ్చుకున్నాడనే అనుకుంటాం. ఇక్కడ ఓటరు ఇచ్చేవాడు. 'నిధులు ఇవ్వాలా వద్దా అన్నదానిపై' అనండి.

'ఎన్నిక'కి మూలం 'ఎన్ను'. లెక్కించడం, తలచడం అని అర్థం; 'ఎన్నదగిన' అనే మాటలో ఆ ఛాయ ఇంకా ఉంది. మూలాన్ని బట్టి చూస్తే మీ వాడుకకి అడ్డు లేదు. కానీ ఇవాళ ఎన్నిక అంటే చివర్లో ఎవరో ఒకరు ఎన్నిక కావాలి. ప్రతిపాదన మీద జరిగేది ఓటింగే. కొందరు 'ప్రజాభిప్రాయ సేకరణ' అని రాస్తారు. ఫ్యాక్టరీ పెట్టేముందు టెంటు వేసి, మైకు ఇచ్చి జనం మాట వినే సభకీ మన దగ్గర అదే పేరు. అక్కడ ఓట్లు లెక్కపెట్టరు, ఇక్కడ లెక్కే అసలు సంగతి. అందుకే నేనైతే వాడను.

ప్రతిపాదన, తీర్మానం నెగ్గుతాయి, లేదంటే వీగిపోతాయి. ఓడిపోయేది మనిషి, పార్టీ, జట్టు.

60 శాతం వచ్చినా ఎందుకు వీగిపోయిందో మీ గ్రూపులో వాళ్లకి అర్థమై ఉండదు. అక్కడ ఒక ఊరు ఇలాంటి పనికి బాండ్లు జారీ చేసి అప్పు తెచ్చి, ఆస్తి పన్నుతో తీర్చాలనుకుంటే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. మీవాళ్ల ఊళ్లో జరిగింది అదే అయితే ఆ ముక్క కూడా రాయండి. ఒట్టి 'బాండ్' అని మాత్రం వదిలేయకండి. పోలీస్ స్టేషన్ పక్కన ఆ మాట కనిపిస్తే ఎవర్నో విడిపించడానికి పూచీకత్తు రాసిచ్చారనుకుంటారు.

'పోలీస్ స్టేషన్' అన్న మాటకి ఢోకా లేదు. బోర్డు మీద 'రక్షకభట నిలయం' అని రాసి ఉన్నా నోటితో అన్నవాళ్లని నేను చూడలేదు. అసలు ఒట్టి 'స్టేషన్' చాలు: స్టేషన్‌కి వెళ్లాడంటే రైలెక్కడానికి, స్టేషన్‌కి తీసుకెళ్లారంటే పోలీసులు.

చిక్కంతా ముందున్న 'కొత్త'తోనే. మన పేపర్లో 'కొత్త పోలీస్ స్టేషన్ మంజూరు' అని వస్తే ఇంతవరకు లేనిచోట కొత్తగా స్టేషనొకటి ఏర్పడుతోందని, దానికి కొన్ని ఊళ్లు అప్పగిస్తారని అర్థం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ, 2024లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్న నిర్వచనం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన చోటే పోలీస్ స్టేషన్. దాని కిందికి వచ్చే ప్రాంతం కూడా అందులో భాగమే. అద్దె ఇంట్లో పెట్టినా అది కొత్త స్టేషనే. ఉన్న స్టేషన్‌కి మంచి బిల్డింగ్ కడితే మనం 'స్టేషన్‌కి కొత్త భవనం' అంటాం. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే మాట నడిచిపోతుంది.

ఉన్నదానికి బిల్డింగే అయితే ఇలా రాయండి: "పోలీస్ స్టేషన్‌కి కొత్త భవనం కట్టడానికి నిధులు ఇవ్వాలన్న ప్రతిపాదన ఓటింగ్‌లో వీగిపోయింది. 60 శాతం మంది సరేనన్నా, కావలసిన ఓట్లు రాలేదు." ఏది కొత్తదో అమ్మాయిని అడిగి, మొదటి మూడు మాటలూ అప్పుడు ఖాయం చేసుకోండి.