తెచ్చుకున్న కుక్క అన్నం గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటోంది, ఏం చేయాలి?

వీధిలోంచో షెల్టర్ నుంచో తెచ్చుకున్న కుక్క గిన్నె మీదికి వంగి, ఒళ్లు బిగబట్టి, కంటి చివరల్లో తెల్లగుడ్డు కనిపించేలా చూస్తూ గబగబా మింగుతోందంటే అది పొగరు కాదు, భయం. తిండి కోసం కొట్లాడి బతికిన ప్రాణం. మీరు గిన్నె లాక్కుపోతారనే దాని టెన్షన్.

గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి, అరవకండి. అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని అణిచేస్తే రేపు చప్పుడు చేయకుండానే కరుస్తుంది. “యజమాని ఎవరో తెలియాలి” అని తింటుండగా గిన్నె లాగే పద్ధతి కూడా భయాన్ని పెంచేదే.

మనిషి వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుంది అని దానికి నమ్మకం కలగాలి. అది తింటుంటే, బిగుసుకోనంత దూరంలో, ఆరేడు అడుగులైనా సరే, నడుస్తూ ఎముక లేని ఉడికించిన చికెన్ ముక్క గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్లిపోండి. రోజూ ఇంతే. మీ అడుగుల చప్పుడుకు తల ఎత్తి తోక ఊపుతూ ఎదురుచూసే రోజు వస్తుంది, అప్పుడే ఒక అడుగు దగ్గరికి జరగండి. మళ్లీ బిగుసుకుంటే వెనక్కి తగ్గండి. వారాలు పట్టొచ్చు, నెలలు కూడా.

ఇంట్లో పిల్లలుంటే ఈ పని పెద్దవాళ్లే చేయాలి. కుక్కకు వేరే గదిలో తలుపు వేసి అన్నం పెట్టండి. ఈ అలవాటు ఉన్నట్టుండి మొదలైతే పంటి నొప్పో, కడుపులో బాధో ఉండొచ్చు, పశువైద్యుడికి చూపించండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.