పొదుగువాపుకు పెప్టైడ్ మందు దొరుకుతుందా?

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుకు వెనక కుడి చన్నులో పొదుగువాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. మూడుసార్లు చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించాం. యాంటీబయాటిక్ లేకుండా పెప్టైడ్లతో నయమవుతుందని ఫోన్లో వీడియో చూశాను. అవి ఎక్కడ దొరుకుతాయి?
– పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. కానీ మీ ఆవుకు ఇప్పుడు అందే మందు కూడా కాదు.

ఈ పెప్టైడ్లు క్రిములను చంపే చిన్న ప్రొటీన్ ముక్కలు. కొన్ని ఆవు పొదుగులోనే తయారవుతాయి. బాగా పేరున్నది నైసిన్. చీజ్ చెడిపోకుండా కలిపేది ఇదే. క్రిమి పైపొరకు చిల్లులు పెట్టి చంపుతుంది. పొదుగువాపు తెచ్చే క్రిములైన స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్‌ల మీద బాగా పనిచేస్తుంది. ఈ-కోలి అనే క్రిమికి బయట ఇంకో పొర అడ్డు ఉంటుంది కాబట్టి దాని మీద పెద్దగా పనిచేయదు. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాకూ ఇది పడదు, పాలలో మిగిలితే పెరుగు సరిగా తోడుకోదు. ఆహారంలో కలిపే నైసిన్ పొడి తెచ్చి, నీళ్లలో కలిపి చన్నులోకి ఎక్కించే సాహసం మాత్రం చేయకండి. ఉన్న చన్ను పోవచ్చు.

ఇన్నిసార్లు తిరగబెట్టిందంటే నాకు మొదటి అనుమానం స్టెఫైలోకాకస్ ఆరియస్ మీదే. అది పొదుగు కండలో దాక్కుంటుంది, ట్యూబు మందు అక్కడిదాకా సరిగా చేరదు. అందుకే నాలుగో ట్యూబు ఎక్కించే ముందే పాలు పరీక్ష చేయించండి. చన్ను కడిగి, తుడిచి ఆరనివ్వండి. కొనను స్పిరిట్ దూదితో రుద్దండి. మొదటి మూడు నాలుగు ధారలు వేరే గిన్నెలోకి వదిలేసి, తర్వాతి పాలు శుభ్రమైన స్టెరైల్ సీసాలో పట్టి, ఐసులో పెట్టి పశువైద్యశాలకు ఇవ్వండి. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేలాకే చికిత్స. కలబంద, పసుపు, సున్నం ముద్ద పైపూతగా వేస్తానంటే వేయండి, కానీ పరీక్ష మానకండి.

ఆ ఆవును అన్నిటికన్నా చివర పితకండి. చెడిన పాలు నేల మీద పిండకండి. పితికిన వెంటనే నాలుగు చన్నులనూ 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచండి. చన్ను రంధ్రం అరగంటదాకా తెరిచే ఉంటుంది కాబట్టి అప్పుడే మేత వేస్తే ఆవు పడుకోదు. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత లేబుల్ మీద రాసినన్ని రోజులూ పాలు కేంద్రానికి పోయకండి. ఈ ఈతలో నయం కాకపోతే, వట్టిపోయేటప్పుడు వాడే ట్యూబుల గురించి మీ డాక్టరుగారిని అడగండి. అప్పుడు మందు పొదుగులో ఎక్కువ రోజులు నిలుస్తుంది.